పదమూడు రోజుల యుద్ధం, ఎనభై ఒక్కేళ్ల మనిషి

హనుమకొండ నుంచి ఒక తెలుగు టీచరు గారు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వేయవద్దన్నారు. కాబట్టి సారం చెబుతాను, అక్కడక్కడ ఆమె మాటలనే ఉంచుతాను.

ఆమె తండ్రి 1943లో వరంగల్ దగ్గరి ఒక పల్లెలో పుట్టారు. 1963లో సైన్యంలో చేరి, 1981లో హవల్దారుగా పింఛనుతో ఇంటికి వచ్చారు. ఆ తర్వాత ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి 2001లో రిటైరయ్యారు. 2024లో పోయారు. సంవత్సరీకం దగ్గరపడింది. ఆ రోజుకు ఒక స్మారక సంచిక వేయాలనీ, ఊరి మొదట్లో తుపాకీ పట్టుకున్న విగ్రహం పెట్టాలనీ తమ్ముడి పట్టుదల. "నువ్వు తెలుగు టీచరువు కదా అక్కా, నువ్వే రాయి" అని పని ఈమెకు అప్పగించాడు. అప్పగించి ఊరుకోక, తన చిత్తుప్రతి కూడా పంపాడు. "ఢాకా వీధుల్లో శత్రువులను చీల్చి చెండాడి, ఐదు శౌర్య పతకాలు సాధించిన వీర జవాన్" అని అందులో ఉంది. అట్ట మీద జాతీయ జెండా, జెండా మధ్యలో తండ్రి ఫొటో, కింద నమస్కారం పెడుతూ తమ్ముడి ఫొటో. ఈ మధ్య అతను ఊరి రాజకీయాల్లో తిరుగుతున్నాడట.

రాయడానికి కూర్చునే ముందు ఆమె తండ్రి పెట్టె తెరిచారు. నల్ల ఇనుప పెట్టె, మూత మీద తెల్ల రంగుతో పేరు, ఆర్మీ నంబరు. లోపల డిశ్చార్జి బుక్కు, ఐదు పతకాలు, నాడాతో కట్టిన ఇన్లాండు ఉత్తరాలు. డిశ్చార్జి బుక్కు ప్రకారం ఆయన దళం ఈఎంఈ, అంటే సైన్యం బండ్లనూ యంత్రాలనూ బాగుచేసే దళం. ఆయన పని వెహికిల్ మెకానిక్. ఉత్తరాల మీద ఏ ఊరి పేరూ లేదు, "మార్ఫత్ 56 ఏపీఓ" అనో "మార్ఫత్ 99 ఏపీఓ" అనో తప్ప. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. వాటిలో 1971 డిసెంబరు 12 తేదీ వేసినదాన్ని ఆమె ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు:

"పూజ్యులైన బాపు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నీళ్లు ఎక్కువ, బండ్లు దిగబడుచున్నవి. దినమునకు రెండు మూడు బండ్లు లాగుచున్నాము. నిద్ర తక్కువ, భోజనము మంచిగనే ఉన్నది. బర్రె ఈనినదా లేదా మీరు వ్రాయలేదు. పెద్దవాని దగ్గు తగ్గినదా. తగ్గకపోతే హనుమకొండ తీసుకపోయి డాక్టరుకు చూపించవలెను. ఈ నెల మనియార్డరు ఆలస్యము కావచ్చును. అందరిని అడిగినట్లు చెప్పవలెను."

ఆ "పెద్దవాడు" ఆమె అన్న. తండ్రి పింఛనుతో ఇంటికి వచ్చేనాటికి అతనికి పద్నాలుగేళ్లు. 1985 వేసవిలో ఇంటర్మీడియట్ తప్పాడని తండ్రి ఒక రాత్రి మిలిటరీ బెల్టుతో కొట్టాడు. ఇత్తడి బకిల్ తగిలిన మచ్చ ఎడమ కనుబొమ మీద ఇప్పటికీ ఉంది. వారం తిరక్కుండా అన్న భివండీ వెళ్లి మరమగ్గాల్లో చేరాడు. పండుగలకు, పెళ్లిళ్లకు వచ్చేవాడు కానీ తండ్రితో ఒంటరిగా కూర్చుని మాట్లాడింది లేదు. తలకొరివి పెట్టాడు, పదకొండో రోజు బండెక్కాడు. ఇప్పుడు ఫోనులో అన్న మాట: "ఆ బెల్టు సంగతి కూడా రాయి. లేకపోతే నా పేరు తీసెయ్యి."

తల్లిని అడిగితే, "ఆయన గురించి నాకేం తెలుసు బిడ్డా, పద్దెనిమిదేళ్లలో అన్ని సెలవులూ కలిపితే మూడేళ్లు ఉన్నాడేమో ఇంట్లో" అంది.

ఈ టీచరు గారిని తొలిచేస్తున్నది మరొకటి ఉంది. ఏటా ఆగస్టు 15న ఊరి బడిలో తండ్రిని జెండా ఎగరేయడానికి పిలిచేవారు. హెడ్మాస్టరు "యుద్ధంలో పోరాడిన వీరుడు" అని పరిచయం చేస్తే ఆయన తల వంచుకుని ఊరుకునేవారు. ఒకసారి ఒక పిల్లవాడు "తాతా, ఎంతమందిని చంపారు?" అని అడిగితే, "బండ్లు బాగుచేశాను బిడ్డా" అన్నారట. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. "బాపు ఊరిని మోసం చేశాడా? ఇప్పుడు నిజం రాస్తే నేను బాపును చిన్నబుచ్చినట్టా? రాయకపోతే అన్నకు అన్యాయం చేసినట్టా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

టీచరు గారూ,

మీ ఉత్తరం చదివి ఒక లెక్క వేశాను. మీ ఇంట్లో గొడవంతా రెండే రెండు చోట్ల ఉంది. 1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు నడిచిన పదమూడు రోజుల యుద్ధం ఒకటి, 1985లో ఒక రాత్రి మరొకటి. తమ్ముడికి ఆ పదమూడు రోజులే కావాలి, అన్నకు ఆ రాత్రే కావాలి. ఎనభై ఒక్కేళ్లు బతికిన మనిషికి మిగిలిన కాలమంతా ఏమైందో ఎవరూ అడగడం లేదు. ఏడు పేజీల్లో ఆర్టీసీ గ్యారేజీకి మీరు ఇచ్చింది ఒకే వాక్యం, గమనించారా?

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు సులువుగా తేలేవి తేల్చేద్దాం.

పతకాల పేర్లు మీరు రాశారు: పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, సైన్య సేవా మెడల్, స్వాతంత్ర్య ఇరవై ఐదో వార్షికోత్సవ మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్. వీటిలో శౌర్య పతకం ఒక్కటీ లేదు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్, అవీ శౌర్యానికి ఇచ్చేవి. మీ బాపు పతకాలు ఆయన ఎక్కడ ఉన్నాడో, ఎన్నాళ్లు ఉన్నాడో చెప్పేవి. పూర్వీ స్టార్ ఉందంటే 1971లో తూర్పు యుద్ధరంగంలో పనిచేశాడన్నమాట. ఇరవై ఐదో వార్షికోత్సవ మెడల్ 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చారు. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉందనీ, దాని మీద "హిమాలయ" అని ఉందనీ రాశారు. ఉత్తరాలు దాచిన ఊరి జాడ ఆ పట్టీ చెబుతోంది: ఆయన ఆ కొండల్లో కాలం గడిపాడు. అలాగే సంగ్రామ్ మెడల్‌ను వెలుతురులో పక్కకు తిప్పి అంచు చూడండి. నాణెం అంచులా ఉంటుంది, అక్కడ ఆయన నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. భూతద్దం కావాలేమో.

కాబట్టి తమ్ముడి "ఐదు శౌర్య పతకాలు" సంచికలోకి వెళ్తే ఏమవుతుందో చెబుతాను. ఊళ్లో వాళ్లకు తేడా తెలియకపోవచ్చు. సంవత్సరీకానికి మీ బాపు పాత స్నేహితులు, మాజీ సైనికులు నలుగురైనా వస్తారు కదా? వాళ్లకు రిబ్బను రంగు చూస్తే చాలు. ఎవరూ నోరు విప్పరు, భోజనం చేసి వెళ్లిపోతారు. బస్సు ఎక్కాక మాట్లాడుకుంటారు. బతికినన్నాళ్లూ ఒక్క అబద్ధం ఆడని మనిషిని పోయాక ఆ బస్సులో నవ్వులపాలు చేసినట్టవుతుంది. "వీర జవాన్" అనే మాట కూడా అంతే. మన దగ్గర ఆ మాట విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన వాళ్లకు వాడుతున్నాం. ఎనభై ఒకటో ఏట మంచం మీద పోయిన మీ బాపుకు "మాజీ సైనికుడు" అన్న మాట ఉంది, అది తక్కువ మాటేమీ కాదు.

అట్ట మీద జెండా విషయంలో చట్టమే అడ్డం వస్తుంది. జాతీయ చిహ్నాల గౌరవానికి సంబంధించిన 1971 నాటి చట్టం ప్రకారం జెండా మీద రాతలు రాయడం నేరం. బొమ్మకూ పేర్లకూ వెనక గుడ్డలా వాడుకోవడానికి కాదు జెండా ఉన్నది. విగ్రహానికీ చిక్కే ఉంది. ప్రజల రోడ్ల మీద, దారుల పక్కన కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని 2013లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ రెండూ తమ్ముడికి మీరు చెప్పవచ్చు. "నువ్వు అబద్ధం రాశావు" అనడం కంటే "ఇది చెల్లదట" అనడం అతనికి మింగడానికి సులువు. అక్కలు తమ్ముళ్లను ఇలాగే నెగ్గుకొస్తారని నేను మీకు చెప్పాలా.

ఇక ఆగస్టు 15 సంగతి. బాపు ఊరిని మోసం చేశాడా అని అడిగారు. టీచరు గారూ, ఆయన చెప్పాడు. పిల్లవాడు సూటిగా అడిగితే సూటిగానే జవాబిచ్చాడు. నమ్మనిది ఊరు. వినయం అనుకుని చప్పట్లు కొట్టింది. హెడ్మాస్టరు మైకులో మాట్లాడుతుంటే మధ్యలో లేచి "అది తప్పు సార్" అనగల మనిషి కాదు మీ బాపు. హవల్దారు అలా లేవడు. తల వంచుకోవడం సైన్యంలో నేర్చిన మర్యాద కావచ్చు, కొంచెం మొహమాటం కావచ్చు. ఆ పొగడ్త కొంత తీపిగా కూడా ఉండి ఉండవచ్చు, మనిషే కదా. సంచికలో మీరు చేయవలసింది ఆ జవాబును అచ్చు వేయడం. "బండ్లు బాగుచేశాను బిడ్డా." ఆయన తన గురించి నలుగురిలో చెప్పుకున్న మాట మీకు దొరికింది అదొక్కటే. నేనైతే దాన్నే సంచికకు పేరుగా పెడతాను.

బండ్లు బాగుచేయడం చిన్న పని అని మీకు లోపల ఎక్కడో ఉంది. లేకపోతే "చిన్నబుచ్చినట్టా" అన్న మాట రాయరు. డిసెంబరు 12 ఉత్తరం మళ్లీ చదవండి. "ఇక్కడ నీళ్లు ఎక్కువ." అప్పటి తూర్పు పాకిస్తాన్ అంటే పద్మ, మేఘన, జమునల దేశం. ఢాకా వైపు వెళ్లాలంటే ఏదో ఒక నది దాటాలి. వెనక్కి తగ్గుతూ పాకిస్తాన్ సేనలు మేఘన మీద భైరబ్ వంతెనను పేల్చేస్తే, మనవాళ్లు సైనికులను హెలికాప్టర్లలో దాటించారు. మనుషులు ఎగిరి దాటారు సరే, లారీలు ఎగరవు కదా. శక్తిమాన్ లారీ ఒకటి బురదలో ఇరుసు దాకా దిగిందంటే దాని వెనక మందుగుండూ, రొట్టెల పిండీ, గాయపడినవాళ్లూ అన్నీ ఆగిపోతాయి. దినానికి రెండు మూడు బండ్లు, నిద్ర లేకుండా. నాలుగు రోజుల తర్వాత, 16న, ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది, తూర్పు పాకిస్తాన్ అంతటా కలిపి దాదాపు 93,000 మంది బందీలయ్యారు. ఆ పొద్దున కూడా మీ బాపు ఏదో ఒక బండి కింద వెల్లకిలా పడుకుని ఉండి ఉంటాడని నా ఊహ. ఊహ అని చెప్పి రాస్తున్నాను, మీరు మాత్రం ఊహలు రాయకండి; డిశ్చార్జి బుక్కులో ఉన్నది, ఉత్తరంలో ఉన్నది, చూసినవాళ్లు చెప్పింది రాయండి. ఈఎంఈ వాళ్ల నినాదం "కర్మ్ హి ధర్మ్". పనే ధర్మం. ఢాకా వీధులకు పోవలసిన అవసరం లేదు.

అమ్మ విషయంలో మీరు తొందరపడ్డారు. "నాకేం తెలుసు" అన్న మాటను ఆమె సమాధానంగా తీసుకుని పక్కన పెట్టారు. ఆమె లెక్క చూడండి: పద్దెనిమిదేళ్లు, ఏడాదికి రెండు నెలల సెలవు, మొత్తం మూడేళ్లు. నోటితో వేసిన లెక్క కాదది. ఎన్ని రాత్రులు వేసుకుందో. అదే మనిషితో 1981 తర్వాత నలభై మూడేళ్లు ఒక ఇంట్లో ఉంది, అవి ఆమె లెక్కలోకి రాలేదు. ఎందుకో అడగండి.

"బాపు ఉత్తరాల్లో అమ్మ పేరు ఒక్కసారి కూడా లేదు" అని బాధపడ్డారు. నేను కాజీపేటలో పెరిగినవాణ్ని. మా వాడలో మిలిటరీ ఇళ్లు నాలుగైదు ఉండేవి, సెలవు ముగిసిన జవానును ఢిల్లీ బండి ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ స్టేషనుకు కదిలేవారు. అందరి ముందూ అతను భార్యతో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పెట్టె సరిగా పెట్టారా అని తమ్ముడిని కేకలేసేవాడు. ఉత్తరాలూ అంతే. ఆనాటి పద్ధతిలో ఉత్తరం భార్యకు రాయరు, తండ్రికి రాస్తారు. యుద్ధకాలంలో పంపే ముందు యూనిట్‌లో ఒక అధికారి చదువుతాడు. ఊరికి వచ్చాక పోస్ట్‌మన్ చదివి వినిపించేవాడని మీరే రాశారు, అమ్మకు చదువు రాదు కాబట్టి. మీ తాత వింటాడు. అధికారి, పోస్ట్‌మన్, మామగారు, ముగ్గురు మగవాళ్లను దాటి భార్యకు ఏ మాట చేరాలి? ఒక్కటే చేరగలదు: "అందరిని అడిగినట్లు చెప్పవలెను." ఆ "అందరిని" దగ్గర అమ్మ ఎక్కడ నిలబడి వినేదో, తలుపు వెనకా, గాబు దగ్గరా, అడిగి చూడండి. మనియార్డరు ఎవరు అందుకునేవారు, ఆమె చేతికి ఎంత వచ్చేది, మూడో కాన్పు అప్పుడు ఆయనకు కబురు ఎలా వెళ్లింది, పెద్దవాడి దగ్గుకు ఆ డిసెంబరులో హనుమకొండకు తీసుకుపోయింది ఎవరు. "బాపు ఎలాంటివాడు" అని అడిగితే ఎవరికైనా జవాబు రాదు. ఇలా అడిగితే ఆమె చెప్పే మాటలు ఆమెవి ఆమెవిగానే, కనీసం నాలుగు పేజీలు, సంచికలో ఉండాలి. తమ్ముడి చిత్తుప్రతిలో ఆమెకు దక్కింది "సతీమణి" అన్న ఒక్క మాట.

ఇప్పుడు అన్న. కష్టమైనది చివరకు దాచుకున్నాను.

పద్నాలుగేళ్ల పిల్లవాడి ఇంట్లోకి 1981లో ఒక కొత్త మనిషి శాశ్వతంగా వచ్చాడు. అంతకుముందు ఆయన ఏడాదికి రెండు నెలలు మిఠాయి పొట్లంతో వచ్చే చుట్టం. ఆయనకూ అంతే, మనుషులను దిద్దే దారి బ్యారక్కులో నేర్చింది తప్ప మరొకటి తెలియదు. ఇదంతా నాకు అర్థమవుతుంది, మీకూ అవుతుంది. కానీ దీన్ని మీ అన్నకు వివరించే పని పెట్టుకోకండి. నలభై ఏళ్లుగా అద్దంలో ఆ మచ్చ చూసుకుంటున్న మనిషికి దాని వెనక కథ మనం చెప్పడం బాగుండదు. పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ని బెల్టు బకిల్‌తో కొట్టడం తప్పు. మీరు ఉత్తరంలో ఆ మాట ఎక్కడా అనలేదు. "అప్పట్లో అందరి నాన్నలూ అంతే" అన్నారు. అన్న బహుశా మీ నోటి నుంచి ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాటే కావచ్చు. సంచికలో అచ్చు కాకపోయినా, ఫోనులో ముందు అది అనండి.

అచ్చు సంగతికి వస్తే మీ ముందు మూడు దారులున్నాయి.

ఏమీ రాయకుండా వదిలేస్తే సంవత్సరీకం సాఫీగా జరుగుతుంది. పెద్దకొడుకు పేరు లేని సంచిక చేతిలో పట్టుకుని చుట్టాలు ఎలాగూ అడుగుతారు, మీరు ఏదో ఒకటి చెబుతారు. అన్న ఇక ఆ గడప తొక్కకపోవచ్చు; అమ్మకు వయసు మీదపడింది, ఆ లెక్క కూడా వేసుకోండి.

బెల్టు సంగతి మీరే రాసేస్తే అన్న కోరిక తీరుతుంది. ఐదు వందల ప్రతులు ఊళ్లోకి పోయాక మాత్రం అది అన్న గాయంగా ఉండదు, ఊరి కబురైపోతుంది. రేపు అతని మనవడు బడిలో వింటాడు. తమ్ముడు డబ్బు ఇవ్వనంటాడు, అది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, దెబ్బ తిన్నది మీరు కాదు. ఆ రాత్రి పదిహేనేళ్ల పిల్లగా మీరు తలుపు చాటున ఉన్నారు. మీరు చూసింది మీరు రాయవచ్చు కానీ, అతనికి ఏమైందో అతనే చెప్పాలి.

నాకు నచ్చిన మూడో దారిలో శ్రమ ఎక్కువ. అన్నకు ఒక పేజీ ఇవ్వండి. "నీ పేజీ నువ్వు రాయి, నేను ఒక్క అక్షరం దిద్దను" అని మాట ఇవ్వండి, ఇచ్చాక నిలబడండి. తెలుగు టీచర్లకు ఇది కష్టమని తెలుసు. అతను బెల్టు రాయవచ్చు, భివండీ రాయవచ్చు, ఖాళీ కాగితం పంపవచ్చు. మీరు రాసే భాగంలో మాత్రం "ప్రేమమూర్తి", "ఆదర్శ తండ్రి" లాంటి మాటలు అసలు వాడకండి. అవి పడ్డచోటల్లా అన్నకు ఆ బకిల్ మళ్లీ తగులుతుంది. "1981లో తిరిగి వచ్చారు. పెద్ద కొడుక్కు అప్పటికి పద్నాలుగేళ్లు. వాళ్లిద్దరికీ పొసగలేదు. 1985లో అన్న ఇల్లు విడిచి వెళ్లాడు." ఇంత రాస్తే తెలిసినవాళ్లకు తెలుస్తుంది, అబద్ధం ఉండదు. దీనికి నష్టమూ ఉంది. తమ్ముడు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు అతని సంచిక అతను వేసుకుంటాడు, మీరు యాభై ప్రతులు సొంత ఖర్చుతో ఇంటివాళ్ల కోసం వేసుకోవలసి వస్తుంది. ఒక తండ్రికి రెండు సంచికలా అని ఊరు నవ్వుతుందేమో. నవ్వనివ్వండి, జరగరానిదేమీ కాదు.

డిసెంబరు 12 ఉత్తరాన్ని ఏం చేయాలో మీరు అడగలేదు, అయినా చెబుతాను. జిరాక్సు తీసి అన్నకు పోస్టులో పంపండి. వాట్సాప్‌లో వద్దు, కవరులో. "చూశావా, యుద్ధంలో కూడా నీ దగ్గు గురించే అడిగాడు, నువ్వే అర్థం చేసుకోలేదు" అని మాత్రం రాయకండి. ఏమీ రాయకండి. ఆ ఉత్తరం రాసిన చెయ్యీ ఆ బెల్టు పట్టిన చెయ్యీ ఒకటే, ఆ రెంటినీ ఏం చేసుకోవాలో అతని ఇష్టం. కోపం వచ్చి చింపేసినా చింపేయనివ్వండి. అసలు ప్రతి మీ దగ్గరే ఉంది కదా.

ముందు చెప్పిన ఆర్టీసీకి ఇప్పుడు వస్తాను. ఉత్తరం చివర, తాజాకలం లాగా, మీరు ఒకటి రాశారు: ఇంటి వెనక గోడకు పలక కొట్టి, దాని మీద ప్రతి స్పానరు ఆకారమూ నల్ల రంగుతో గీసి, ఏది ఎక్కడిదో అక్కడే తగిలించేవారని. ఒక స్పానరు తీసి ఎవరైనా తిరిగి పెట్టకపోతే గోడ మీద దాని నీడ ఒక్కటే కనిపించేదని. 14–15 స్పానరు నీడ ఇప్పటికీ ఖాళీగా ఉందనీ, అది ఎటు పోయిందో ఎవరికీ తెలియదనీ. ఏడు పేజీల్లో నాకు మీ బాపు కనిపించింది అక్కడ. ఈఎంఈ వర్క్‌షాపు అలవాటు అది, పోయిన పనిముట్టు ఏదో గోడే చెబుతుంది. సంచిక అట్ట మీద జెండాకు బదులు ఆ పలక ఫొటో వేయవచ్చు కదా. ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నవాళ్లు వరంగల్లో ఇద్దరో ముగ్గురో ఉండే ఉంటారు. చేతుల గ్రీజు కిరసనాయిల్‌తో కడుక్కునే ఆ మనుషులతో ఒక గంట కూర్చోండి. ఇరవై ఏళ్లు తెల్లవారుజామున డిపో నుంచి కదిలిన బస్సుల్లో పల్లెల నుంచి ఎంతమంది ఎక్కి ఉంటారో. ఊరికి తుపాకీ విగ్రహం చూపించే కంటే ఇది చెబితే ఊరికీ సంబంధం ఉన్న సంగతి అవుతుంది.

తమ్ముణ్ని పూర్తిగా కాదనడం నా ఉద్దేశం కాదు. బాపు వచ్చినప్పుడు అతను ఆరేళ్లవాడు, యూనిఫారం వేసుకున్న తండ్రి భుజాలెక్కి తిరిగినవాడు. అతని గొప్పలన్నీ ఓట్ల కోసమే కావు, కొంత ఆ భుజాల మీది నుంచి చూసిన చూపు. అతనికి ఊళ్లో ఏదో ఒకటి నిలబెట్టాలని ఉంటే, పంచాయతీ ఒప్పుకుంటే, బడి ఆవరణలో చిన్న రాతి పలక చాలు: పేరు, ఈఎంఈ, 1963–1981, 1971లో తూర్పు యుద్ధరంగం. ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఏ మాజీ సైనికుడు వచ్చినా ఆగి సెల్యూట్ చేస్తాడు. విగ్రహానికి అనుకున్న డబ్బులో కొంత పెట్టి ఏటా ఐటీఐలో మోటారు మెకానిక్ చదివే ఒక పిల్లవాడికి టూల్ బాక్సు కొనిచ్చినా బాగుంటుంది. అది ఇస్తూ ఫొటో దిగడానికి తమ్ముడికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

రెండు జాగ్రత్తలు. డిశ్చార్జి బుక్కునూ పతకాలనూ ప్రెస్సువాళ్లకు ఇవ్వకండి, ఇంట్లోనే ఫొటో తీయించండి. అమ్మ ఫ్యామిలీ పింఛను కాగితాల్లో పేరు అక్షరం తేడా వస్తే ఆ బుక్కే ఆధారం. పింఛను ఇంకా ఆమె పేరు మీదికి మారిందో లేదో మీరు రాయలేదు. మారకపోతే సంచిక పక్కన పెట్టి ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. రెండోది, 56, 99 ఏపీఓల వెనక ఏ ఊళ్లున్నాయో తెలుసుకోవాలని ఉంటే, ఈఎంఈ రికార్డ్స్ ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్మీ నంబరు వేసి అమ్మ పేరు మీద దరఖాస్తు రాయండి. జవాబు సంవత్సరీకంలోగా రాకపోవచ్చు. రాకపోయినా ఆ చోటు ఖాళీగానే వదలండి, గోడ మీద ఆ స్పానరు నీడలాగా.

ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాక మొదట భివండీకి పంపండి. తమ్ముడికి రెండు రోజులు ఆగి చూపించండి.